ఐస్‌క్రీమ్ డబ్బా మీద వైరస్ బతికే ఉంటుందా?

2020లో పాల ప్యాకెట్లకి సర్ఫ్ నీళ్లతో స్నానం చేయించిన ఇళ్లలో మాదీ ఒకటి. అమ్మ వాటిని కడిగి, తుడిచి, ఆరాక గానీ ఫ్రిజ్‌లో పెట్టనిచ్చేది కాదు. నాకు మాత్రం ఒకటే డౌట్. కడగని ప్యాకెట్ ఒకటి లోపలికి వెళ్లిపోతే? ఆ చలికి వైరస్ చచ్చిపోతుందా, హాయిగా పడుకుంటుందా?

పడుకుంటుందట! ల్యాబుల్లో వైరస్‌లను ఏళ్ల తరబడి దాచాలంటే మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెడతారు. చలి వాటికి శత్రువు కాదు, కాపలాదారు. వేడి తగిలితే వైరస్ పైనున్న ప్రొటీన్లు పాడవుతాయి. చల్లగా ఉంటే ఆ పాడయ్యే పనే నెమ్మదిస్తుంది. కరోనా, ఫ్లూ లాంటి వాటికి పైన కొవ్వు పొర ఉంటుంది కదా, అది చలికాలంలో కొబ్బరినూనెలా గట్టిపడుతుంది.

లెక్కలు చూడండి. గది వేడిలో ప్లాస్టిక్ మీద కరోనా వైరస్ 72 గంటల దాకా కనిపించిందని, అట్టపెట్టె మీద 24 గంటలకే పోయిందని 2020 మార్చిలో అమెరికా శాస్త్రవేత్తలు చెప్పారు. ఆస్ట్రేలియా వాళ్లు 20 డిగ్రీల దగ్గర, చీకట్లో పెట్టి చూస్తే గాజు మీద, స్టీలు మీద 28 రోజులు నిలిచింది. అదే 40 డిగ్రీల దగ్గరైతే రెండు రోజులు కూడా ఆగలేదు. మన మే నెల ఎండలో బండి మీద తిరిగిన పార్సిల్ సంగతి మీరే ఊహించుకోండి. ఇక సాల్మన్ చేప, కోడి, పంది మాంసం ముక్కల మీద వైరస్ వేసి 4 డిగ్రీల దగ్గర, మైనస్ 20 దగ్గర పెడితే, మూడు వారాల తర్వాత కూడా దానికి అంటుకునే శక్తి తగ్గలేదు.

భయపడకండి, అసలు కథ ఇక్కడే ఉంది. ఈ ప్రయోగాల్లో వైరస్‌ని వాళ్లే, కావాల్సినంత మోతాదులో పూస్తారు. ఎవరో ఓసారి తుమ్మితే కవర్ మీద పడేది అంత ఉండదు. పైగా వైరస్ కవర్ మీద పిల్లలు పెట్టదు. బ్యాక్టీరియాలా పెరగడం దానికి చేతకాదు. పడ్డ రోజు ఎంత ఉందో, అక్కడి నుంచి తగ్గడమే.

ఇంకో తిరకాసు పీసీఆర్ టెస్టుది. అది వైరస్ జన్యు పదార్థం ముక్కల్ని పట్టుకుంటుంది. ఆ వైరస్ బతికుందా లేదా అన్నది దానికి తెలీదు. కుబుసం కనిపించినంత మాత్రాన పొదలో పాము ఉందని చెప్పలేం కదా!

ఈ తేడా కోట్ల రూపాయల వ్యాపారాల్ని కుదిపేసింది. 2020 జూన్‌లో బీజింగ్‌లోని షిన్‌ఫాదీ మార్కెట్‌లో సాల్మన్ కోసే చెక్క మీద వైరస్ ఆనవాళ్లు దొరికాయి. అంతే, సూపర్ మార్కెట్లలో సాల్మన్ మాయం. జులైలో ఈక్వెడార్ రొయ్యల వంతు. కంటైనర్ గోడకి, బయటి పెట్టెలకి పాజిటివ్. లోపలి కవర్‌కి, రొయ్యకి నెగెటివ్! అయినా మూడు కంపెనీల సరుకు ఆపేశారు. ఆ తర్వాత పాజిటివ్ వస్తే ఆ కంపెనీకి వారం, మూడోసారి వస్తే నాలుగు వారాలు బ్రేక్ అని చైనా రూల్ పెట్టింది. మన భీమవరం, నెల్లూరు వైపు చెరువుల్లో పెరిగే రొయ్యకి చైనా కూడా పెద్ద మార్కెట్టే. చెరువు గట్టు మీద ఉన్న రైతు రేటు, ఎక్కడో రేవులో పెట్టె మీద తిప్పిన దూదిపుల్ల మీద ఆధారపడటం అంటే ఇదే. ఆ పరీక్షలు 2023 జనవరి 8 దాకా సాగాయి.

మరి బతికున్న వైరస్ ఎప్పుడూ దొరకలేదా? దొరికింది. 2020 అక్టోబరులో ఛింగ్‌దావ్ రేవులో, దిగుమతి చేసుకున్న కాడ్ చేపల పెట్టె మీద. అంతకుముందే అక్కడి ఇద్దరు కూలీలకి పాజిటివ్ వచ్చింది. పెట్టె నుంచి వాళ్లకి వచ్చిందా, వాళ్ల నుంచే పెట్టెకి అంటిందా అన్నది నాకైతే ఇప్పటికీ తేలని ముడే. ఒక్కటి మాత్రం ఒప్పుకుంటా. రోజంతా గడ్డకట్టిన పెట్టెలు మోసే కూలీ రిస్కూ, వారానికో ఐస్‌క్రీమ్ ఆర్డర్ పెట్టే నా రిస్కూ ఒకటి కాదు. గ్లవ్స్, మాస్కు ముందు అతనికి కావాలి. మనలాంటి వాళ్లకి, వైరస్ ఉన్న చోటు ముట్టుకుంటే కరోనా వచ్చే అవకాశం సాధారణంగా పదివేలలో ఒకటి కన్నా తక్కువని 2021లో అమెరికా సీడీసీ లెక్కగట్టింది. ప్యాకెట్లని కడగక్కర్లేదు, చేతులు కడుక్కుంటే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందు నుంచీ చెబుతూనే ఉంది.

ఫ్రీజర్ విషయంలో నేను భయపడేది కరోనాకి కాదు, నోరోవైరస్‌కి. వాంతులు, విరేచనాలతో మనిషిని పిప్పి చేసేస్తుంది. 2012లో జర్మనీ స్కూళ్లలో, పిల్లల సంరక్షణ కేంద్రాల్లో దాదాపు 11,000 మంది దీంతో పడిపోయారు. కారణం చైనా నుంచి వచ్చిన గడ్డకట్టిన స్ట్రాబెర్రీలు. అట్ట మీద కాదు, పండు మీదే! దీనికి కొవ్వు పొర లేదు కాబట్టి మన బ్యాగులో ఉండే శానిటైజర్‌ని పెద్దగా లెక్కచేయదు. సబ్బుతో రుద్ది, నీళ్లతో కడిగితేనే చేతి నుంచి పోతుంది. స్మూతీ కోసం ఫ్రోజెన్ బెర్రీలు కొనేవాళ్లు వాటిని ఓసారి బాగా ఉడికించి, చల్లార్చి వాడుకోండి. రుచి కాస్త జామ్‌లా మారుతుంది, అంతే.