కాలికి తెలియని వేడినీళ్ళు

వినండర్రా. 1884 చివర్లో ఒకనాడు, హవాయి దీవుల్లో ఒక ఫాదర్ బాగా అలసిపోయి ఇంటికొచ్చి, కాళ్ళకి కాస్త హాయిగా ఉంటుందని వేడినీళ్ళలో పాదాలు పెట్టాడు. నీళ్ళేమో సలసలా కాగి ఉన్నాయి. చర్మం బొబ్బలెక్కింది గానీ ఆయనకి చురుక్కుమనలేదు. బొబ్బలు కంటపడ్డాకే కాలు కాలిందని తెలిసింది. తనకొచ్చిన జబ్బేమిటో చెప్పడానికి వేరే డాక్టరు అక్కర్లేకపోయింది. పదకొండేళ్ళుగా ఆయన ఆ జబ్బు మనుషుల మధ్యే ఉంటున్నాడు మరి.

ఆయనే ఫాదర్ డేమియన్. 1840లో బెల్జియంలోని ట్రెమెలోలో పుట్టాడు. హవాయి రాజ్యం 1865లో ఒక చట్టం చేసి, కుష్ఠు సోకినవాళ్ళని మొలొకాయి దీవికి తరలించడం మొదలుపెట్టింది. వాళ్ళని ఉంచిన చోట మూడు పక్కలా సముద్రం, నాలుగో పక్క నిట్టనిలువు కొండ. నలుగురు ఫాదర్లని వంతులవారీగా పంపాలని బిషప్ గారి ఆలోచన. మొదటి వంతుకి 1873 మే 10న దిగిన డేమియన్ ఇక అక్కడే ఉండిపోయాడు.

అదే ఏడాది ఫిబ్రవరిలో, భూమికి అవతలి కొసన నార్వేలో, హాన్సెన్ అనే డాక్టరు మైక్రోస్కోపు కింద ఆ జబ్బు సూక్ష్మజీవిని చూశాడు. ఇది వంశపారంపర్యంగా వస్తుందని అప్పటికి చాలామంది డాక్టర్ల నమ్మకం. ఆ సూక్ష్మజీవి మహా నిదానస్తురాలు. మామూలు బ్యాక్టీరియా కొన్ని ఇరవై నిమిషాలకే రెండవుతాయి, దీనికి సుమారు రెండు వారాలు కావాలి. అందుకే సోకాక బయటపడటానికి సగటున అయిదేళ్ళు, ఒక్కోసారి ఇరవై ఏళ్ళు కూడా పడుతుంది. ఒంట్లో కాస్త చల్లగా ఉండే చోట్లంటే దానికిష్టం: చేతులు, పాదాలు, ముక్కు, చెవి తమ్మెలు. అక్కడ నరాల్లో దూరుతుంది. కరెంటు తీగ మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది చూశారూ, నరానికీ అలాంటి తొడుగు కట్టే కణాలుంటాయి. ఇది కాపురం పెట్టేది వాటిలోనే. తరచుగా ముందు పోయేది వేడీ చల్లనా తేడా, ఆ తర్వాత నొప్పి. డేమియన్ కాలికి జరిగిందదే.

అంటే మనుషులు అన్నిటికన్నా భయపడే జబ్బు నొప్పిని తీసేస్తుందన్నమాట! మరి మొలొకాయిలో ఉన్నవాళ్ళ బాధ సంగతి? ఆలుబిడ్డల నుంచి విడదీసి ఓడెక్కించడం, మళ్ళీ ఇల్లు చూడమని తెలియడం... అవేవీ నరాల దారిన వచ్చేవి కావు. డేమియన్ నెత్తికెత్తుకున్నది ఆ బరువుని. వచ్చిన ఏడాదే అన్నకి ఉత్తరం రాస్తూ, ప్రసంగంలో ‘మనం కుష్ఠురోగులం’ అంటున్నానని చెప్పుకున్నాడు. అప్పటికి ఆయన ఒంటి మీద మచ్చ లేదు. వాళ్ళ గిన్నెలోనే చెయ్యి పెట్టి తిన్నాడు, పుళ్ళు కడిగాడు, శవపేటికలు చేశాడు, గోతులు తవ్వాడు. సిలువ మోయడమంటే కళ్ళు మూసుకుని కూర్చోవడం అనుకునేరు. నీళ్ళ గొట్టాలు వేయించాడు, ఇళ్ళు కట్టాడు, సాయం కోసం అధికారుల ప్రాణం తోడేశాడు. పాపసంకీర్తనం చేసుకోవడానికి తోటి ఫాదర్ లేకపోవడం ఆయన్ని బాగా కుంగదీసింది. సత్ప్రసాదం ముందు మోకరించడమే లేకపోతే అక్కడ నిలవలేకపోయేవాణ్ణని ఆయనే రాసుకున్నాడు.

‘విశ్వాసముంటే నొప్పి తెలీదా తాతయ్యా?’ అంటారు మీరు. ఆక్స్‌ఫర్డ్‌లో దీన్ని పరీక్షకే పెట్టారు. 2008లో అచ్చయిన ఆ ప్రయోగంలో పన్నెండుమంది క్యాథలిక్కులు, పన్నెండుమంది దేవుణ్ణి నమ్మనివాళ్ళో తేల్చుకోనివాళ్ళో. చేతికి చిన్న కరెంటు షాకులిస్తూ ఒకసారి మరియమాత చిత్రం, ఇంకోసారి లియొనార్డో డావించి గీసిన ఒక యువతి చిత్రం చూపించారు. మరియమాతని చూస్తున్నప్పుడు క్యాథలిక్కులు నొప్పి తక్కువగా ఉందన్నారు. రెండో జట్టుకి ఏ చిత్రమైనా ఒకటే. ఆ సమయంలో భక్తుల మెదడులో కుడి నుదుటి వెనక భాగం చురుగ్గా పనిచేయడం స్కానింగులో కనబడింది. జరుగుతున్నదాన్ని ఇంకో అర్థంలో చూసుకోవడానికి మనకి ఉపయోగపడే చోటది. ఇరవై నాలుగు మందితో పెద్ద తీర్పులు చెప్పకూడదు. దేవుడున్నాడో లేడో ఆ యంత్రం ఎలాగూ చెప్పదు. చేతికి తగిలిన కరెంటు మాత్రం విశ్వాసం వల్ల తగ్గలేదు, దాన్ని మనసు తీసుకున్న తీరు మారింది.

అందుకే, భక్తి ఉంది కదా మందెందుకు అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఫ్రాన్సులో లిజ్యూ మఠంలో ఇరవై నాలుగేళ్ళకే క్షయతో పోయిన పునీత తెరేజమ్మ, భరించలేని నొప్పితో ఉన్న రోగుల పక్కన విషమయ్యే మందులు ఉంచొద్దని సిస్టర్లని హెచ్చరించింది. 1897 నాటి మాట. పునీతురాలికే అంత నొప్పి పుట్టిందర్రా.

కుష్ఠు వస్తే వేళ్ళు వాటంతటవే రాలిపోతాయని ఇప్పటికీ ఊళ్ళో అంటారు. అది నిజం కాదని గట్టిగా చూపించినాయన మన పొరుగునే ఉండేవాడు. చిత్తూరు జిల్లావాళ్ళు పెద్ద జబ్బు చేస్తే బస్సెక్కేది వెల్లూరు సి.ఎం.సి.కే కదా, అక్కడి సర్జన్ పాల్ బ్రాండ్. మిషనరీల బిడ్డ, పుట్టింది తమిళనాడు కొల్లి కొండల్లో. నొప్పి తెలియక కాల్చుకుని, కోసుకుని, పుండు మీదే నడిచి వేళ్ళు పోగొట్టుకుంటున్నారని ఆయన కనిపెట్టాడు. స్పర్శలేని పాదాలకి మెత్తటి రబ్బరు చెప్పుల మీద పని చేశాడు. ఇవాళ షుగరువాళ్ళకి డాక్టర్లు రాసిచ్చే ఎం.సి.ఆర్. చెప్పులు ఆ జాతివే. తర్వాత అమెరికాలో యంత్రంతో నొప్పి పుట్టించాలని ఏళ్ళ తరబడి ప్రయత్నించాడు. ఒత్తిడి ఎక్కువైతే షాకు కొట్టే ఏర్పాటు. రోగులేమో మోటు పని చేయాల్సి వచ్చినప్పుడల్లా స్విచ్చి ఆపేసేవారు! ఇక లాభం లేదని వదిలేశాడు. నొప్పిని ఇచ్చినందుకు దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకునే అరుదైన భక్తుడాయన.

డేమియన్ 1889 ఏప్రిల్ 15న, నలభై తొమ్మిదో ఏట పోయాడు. నూటికి తొంభై అయిదు మందికి ఈ జబ్బును తట్టుకునే శక్తి పుట్టుకతోనే ఉంటుంది. ఆయన మిగతా కొద్దిమందిలో ఒకడు. ఆయన పోవడానికి కొన్ని నెలల ముందే మదర్ మరియాన్ కోప్ సిస్టర్లని వెంటబెట్టుకుని మొలొకాయి దీవికి వచ్చింది. చేతులు కడుక్కునే విషయంలో ఆవిడ దగ్గర మినహాయింపుల్లేవు. అక్కడి ఆడపిల్లలకి బట్టలు కుట్టిస్తూ, చెట్లు నాటిస్తూ దాదాపు ముప్ఫై ఏళ్ళు అక్కడే ఉండి, 1918లో ఎనభయ్యో ఏట కన్నుమూసింది. ఆవిడకి కుష్ఠు సోకనే లేదు. రోమ్ ఇద్దరినీ పునీతులని ప్రకటించింది, డేమియన్‌ని 2009లో, ఆవిణ్ణి 2012లో.