కాలేయములోని డిస్పాచి సెక్షను

బజారులో కొన్న ఊరగాయ సీసా మీది చీటీని మనలో ఎందరు చదువుతాము? అందులో ‘సోడియం బెంజోయేట్’ అనే పేరు తరచు కనబడుతుంది. బూజు పట్టకుండా వేసే మందు అది. మన అమ్మమ్మలు ఉప్పు, ఆవపిండి, నూనెలతోనే ఆ పని గడుపుకున్నారు. సరే, అది మన కడుపులోకి పోయిన తర్వాత ఏమవుతుంది?

1842లో జర్మనీలోని గట్టింగెన్ పట్టణములో విల్హెల్మ్ కెల్లర్ అనే ఆయన దీనికి జవాబు తన ఒంటి మీదనే వెదికాడు. రాత్రి బెంజోయిక్ ఆమ్లము మ్రింగి పడుకున్నాడు. ప్రొద్దున మూత్రమును పరీక్షించగా అందులో హిప్పూరిక్ ఆమ్లము దొరికింది. అంతకు ముందు గుర్రపు మూత్రములో దొరికిన పదార్థమే అది. దాని పేరు కూడా గ్రీకు భాషలో గుర్రమనే మాట నుంచే పుట్టింది.

ఈ మార్పు చేసేది గ్లైసీన్ ఎన్-ఎసైల్‌ట్రాన్స్‌ఫరేజ్ అనే ఎంజైము. (పేరు పలకడానికి మాకూ రెండు రోజులు పట్టింది!) కాలేయ కణాలలోని మైటోకాండ్రియాలలో దాని కాపురము, మూత్రపిండాలలోనూ కొంత ఉంటుంది. బెంజోయిక్ ఆమ్లము మొదట కోఎంజైము-ఎ తో జతపడుతుంది. అప్పుడీ ఎంజైము దానిని అక్కడ నుంచి ఊడదీసి, అమైనో ఆమ్లాలన్నిటిలో చిన్నదైన గ్లైసీనుకు తగిలిస్తుంది. మా ఆఫీసులో బిళ్ళ అంటించని కవరు బయటికి పోదు. ఇక్కడ గ్లైసీనే ఆ బిళ్ళ. అది అంటుకోగానే మూత్రపిండాలు సరుకును సులువుగా బయటికి పంపుతాయి. ఆస్పిరిన్ వేసుకున్నప్పుడు అందులోని సాలిసిలిక్ ఆమ్లము కూడా చాలావరకు ఈ దారినే పోతుంది.

బిళ్ళ అంటించేవాడే ఇంకా పనిలోకి రాకపోతే? నెలలు నిండని పసికందుల సంగతి అదే. అమెరికాలో అటువంటి బిడ్డల నరాలలోని గొట్టాలను కడగడానికి వాడిన ఉప్పు నీళ్ళలో బెంజైల్ ఆల్కహాలు కలిసి ఉండేది. అది ఒంట్లో బెంజోయిక్ ఆమ్లమై, బయటపడే దారిలేక రక్తములో పేరుకున్నది. బిడ్డలు ఊపిరికై ఎగబీల్చి ఎగబీల్చి చనిపోయారు. 1982లో వైద్యులు కారణము కనిపెట్టి చెప్పిన మీదట, పసిబిడ్డలకు ఆ నీళ్ళు వాడరాదని అక్కడి ప్రభుత్వము హెచ్చరించింది. ఎందరు తల్లులు కారణము తెలియకనే ఏడ్చారో!

విచిత్రమేమంటే, ఇదే బెంజోయేటును మరికొందరు పిల్లలకు వైద్యులే ఇస్తారు. పుట్టుకతోనే అమోనియాను యూరియాగా మార్చుకోలేని పిల్లలు వారు. ఆ అమోనియా మెదడును పాడుచేస్తుంది. బెంజోయేటు ఇస్తే ఎంజైము గ్లైసీనును పట్టి దానికి అంటిస్తుంది. ఒక్కొక్క హిప్పూరిక్ ఆమ్లపు అణువు వెంట ఒక నత్రజని పరమాణువు మూత్రములో కొట్టుకుపోతుంది.