పరలోకం, ఋణం, ఆత్మ: మూడు బైబిలు మాటలు

మతాన్ని మత్తుమందుతో పోల్చిన మార్క్స్ మాటను మన విమర్శకులు విరివిగా వాడుతుంటారు. 1844లో అచ్చయిన ఆ వ్యాసంలోనే, అదే పేరాలో, మతం పీడితుల నిట్టూర్పు కూడా అని ఆయన గుర్తించిన సంగతి అంతగా ప్రస్తావనకు రాదు. హిందూ పురాణాల విషయంలో మన అభ్యుదయ విమర్శ గట్టి కృషే చేసింది. రామాయణ భారతాలను ఏ వర్గం ఏ ప్రయోజనం కోసం మలుచుకున్నదో విడమర్చి చూపింది. బైబిలు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్క మాటతో తోసిపుచ్చి ముందుకు సాగడం అలవాటయింది. కోస్తా జిల్లాల దళితవాడల్లో నూరేళ్ళకు పైగా ఆదివారం ఆదివారం చదువుతూ వచ్చిన పుస్తకం అది. అక్షరం రానివాళ్ళు కూడా విని కంఠతా పట్టిన తెలుగు వచనం అది. సాహిత్య విద్యార్థి దాన్ని చదవకపోతే నష్టం ఒక్క క్రైస్తవులకే కాదు.

నేను పెరిగిన ఇంట్లో, సంఘంలో వినవచ్చిన క్రైస్తవం ఇది: మనిషిలో చావులేని ఆత్మ ఒకటున్నది, దేహం పడిపోగానే అది పరలోకానికో నరకానికో పోతుంది, ఈ లోకంలో పడిన కష్టాలకు అక్కడ ప్రతిఫలం దొరుకుతుంది. ఇదే క్రైస్తవమని నమ్మేవారున్నారు. ఇదే క్రైస్తవమని ఎగతాళి చేసేవారూ ఉన్నారు. ఇద్దరూ సువార్తల్లోని మాటలను నిదానించి చూడలేదనే నా అభిప్రాయం.

మత్తయి సువార్తలో యేసు బోధకు కేంద్రం 'పరలోకరాజ్యం'. అదే సందర్భాల్లో మార్కు, లూకా 'దేవుని రాజ్యం' అంటారు. దేవుని పేరు ఉచ్చరించడానికి జంకే యూదులు ఆ స్థానంలో 'ఆకాశం' అనేవారనీ, యూదు సంప్రదాయం తెలిసిన మత్తయి ఆ వాడుకనే పాటించాడనీ చాలామంది పండితులు వివరించారు. మనవాళ్ళు 'పైవాడు' అన్నట్టే ఇదీ. కనుక గ్రీకులో ఉన్న 'ఆకాశాల రాజ్యం' అంటే దేవుని ఏలుబడి. అది ఎక్కడో ఉన్న దేశం కాదు, ఇక్కడికి రావలసిన పాలన. ప్రభువు ప్రార్థనలో అడిగేదీ అదే. ఆ రాజ్యం రావాలి, భూమిమీద ఆయన చిత్తం జరగాలి. మమ్మల్ని అక్కడికి చేర్చమని ఆ ప్రార్థనలో ఒక్క ముక్క లేదు. తెలుగులో 'ఆకాశం' పోయి 'పరలోకం' వచ్చింది. ఆ మాట వినగానే తెలుగు చెవికి ఇహపరాలు, పితృలోకం, చనిపోయినవారికి చేసే క్రియలు తోస్తాయి. అలా రాజ్యం ఇక్కడికి రావడం మాని, మనమే అక్కడికి పోవడం మొదలయింది.

అనువాదకులను నిందించి లాభం లేదు. 1812లో శ్రీరాంపూరులో అచ్చయిన తెలుగు సువార్తల వెనుక విశాఖపట్నం మిషనరీ డెగ్రాంజ్‌తో పాటు ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుని శ్రమ ఉంది. మత విషయం చెప్పాలంటే ఆనాటి పండిత భాషలో అందుబాటులో ఉన్నది వేదాంత పరిభాషే. పైగా ఈ ధోరణికి మూలం తెలుగు కాదు. తొలి శతాబ్దాలలోనే గ్రీకు తత్వం, ముఖ్యంగా ప్లేటో ప్రభావం, క్రైస్తవాన్ని ఆ దారి పట్టించింది. మన పరిభాష దానికి తోడయింది. గ్రీకు 'మెటనోయియా'కు 'మారుమనస్సు' అనే చక్కని మాట మనకిచ్చింది కూడా బైబిలు అనువాదకులే. అంత మంచి మాట మన పండితులు ఎంతమంది పుట్టించారు?

'ఆత్మ' కథ ఇంకా విచిత్రం. మట్టితో చేసిన నరుడు ఊపిరి అందుకుని 'జీవాత్మ' అయ్యాడని ఆదికాండం తెలుగు. హీబ్రూలో 'నెఫెష్ హయ్యా', అంటే ఊపిరి తీసే ప్రాణి. అంతకు ముందు అధ్యాయంలో చేపలకూ పశువులకూ వాడింది ఆ మాటే. అక్కడ తెలుగులో 'జీవముగలవి' అన్నారు. పశువు దగ్గర జీవం, మనిషి దగ్గర జీవాత్మ! జీవాత్మ అన్న తరువాత పరమాత్మ స్ఫురించక మానదు. ఆ ప్రాచీన రచనలో మనిషి లోపల విడిగా ఒక ఆత్మ లేదు, మనిషే ప్రాణి. అందుకే పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి లేఖలో, 15వ అధ్యాయంలో, వాదించింది మృతుల పునరుత్థానం గురించి. అపొస్తలుల విశ్వాస ప్రమాణంలో వల్లించేది కూడా శరీర పునరుత్థానమే. అది వల్లించే నోటితోనే సమాధి దగ్గర ఆత్మ ఎగిరిపోయిందంటాం.

ఇక ఋణం. ఇక్కడ తెలుగు అనువాదం మూలాన్ని గట్టిగా పట్టుకున్నది. మత్తయి ప్రార్థనలో ఉన్నది 'ఋణములు', 'ఋణస్థులు'. పాపాలు అని లేదు. గ్రీకు 'ఒఫెలీమా' అంటే అప్పు. యేసు మాట్లాడిన అరమాయిక్ భాషలో 'హోబా' అప్పుకూ పాపానికీ రెండింటికీ చెల్లుతుంది. లూకా ఒకచోట పాపం అని మార్చినా, పక్కనే 'అచ్చియున్న'వాడు అనే ఉంచాడు. అచ్చియుండడమంటే బాకీ పడడం. వాడుకలో లేకుండా పోయిన మంచి తెలుగు మాట.

గలిలయ రైతు మీద రోమా పన్ను, హేరోదు పన్ను, దేవాలయపు కానుక పడేవి. పంట పోయిన ఏడు అప్పు, అప్పు తీరకపోతే భూమి, భూమి పోతే కూలి. యేసు చెప్పిన ఉపమానాలలో అప్పు తీర్చలేక చెరసాల పాలైనవాడున్నాడు. పొద్దెక్కినా పని దొరకక సంతవీధిలో నిలబడ్డ కూలీలున్నారు. దూరదేశంలో ఉండి కౌలుకు మనుషులను పంపే భూస్వామి ఉన్నాడు. ఇవన్నీ వినేవాళ్ళు రోజూ చూసినవే. ద్వితీయోపదేశకాండం 15వ అధ్యాయం ఏడేళ్ళకొకసారి అప్పులు రద్దు చేయమంటుంది. లేవీయకాండం 25వ అధ్యాయం యాభయ్యో ఏట, తెలుగు బైబిలు మాటలో సునాద సంవత్సరంలో, పోయిన భూమి సొంతదారుకు తిరిగి రావాలంటుంది. ఏడో ఏడు దగ్గరపడే కొద్దీ ధనికులు అప్పివ్వడం మానేస్తే, రద్దును తప్పించే 'ప్రోజ్‌బూల్' అనే పత్రాన్ని హిల్లేలు ప్రవేశపెట్టాడు. అప్పు పుట్టాలన్న సదుద్దేశంతోనే కావచ్చు, రద్దు మాత్రం కాగితం మీదే మిగిలింది. క్రీ.శ. 66లో యెరూషలేములో తిరుగుబాటుదారులు పత్రాల భాండాగారాన్ని తగలబెట్టి అప్పు పత్రాలను బూడిద చేశారని చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. 1946-51 తెలంగాణా పోరాటం తెలిసిన పాఠకుడికి ఆ మంటను వేరే వివరించనక్కరలేదు.

ఈ నేపథ్యంలో ఋణాలు మన్నించమనే ప్రార్థన ఎలా వినిపించి ఉంటుందో ఊహించండి. మన ప్రసంగాలలో ఋణమంటే పాపమని చెప్పి, పాపమంటే సారా, సినిమా అని తేల్చేస్తారు. తండ్రి చేసిన అప్పుకు కొడుకు పాలేరుగా కుదిరిన ఊళ్ళలో కూడా, 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టానికి ముందూ తరువాతా, ఈ ప్రార్థన చెప్పుకుంటూనే వచ్చారు. అప్పు ఇచ్చిన ఆసామి గురించి ఆ ప్రార్థనలో ఏమైనా ఉన్నదా అని అడిగినవారు అరుదు.

యేసును అచ్చమైన ఇహలోకవాదిగా తీర్చిదిద్దడం నా ఉద్దేశం కాదు. లూకా సువార్తలో పక్క సిలువ మీది నేరస్థుడికి ఆయన పరదైసు వాగ్దానం చేశాడు. తన రాజ్యం ఈ లోకానికి సంబంధించింది కాదని పిలాతుతో అన్నట్టు యోహాను రాశాడు. ఆ వాక్యాలను దాచిపెట్టి వాదించడం విమర్శ కాదు. అయితే ఆ వాక్యాలనే మిగిలి తక్కినవన్నీ మరుగైన తీరుకు చారిత్రక కారణాలున్నాయి. వాటిని వెతకాలి.

ఒంగోలు చరిత్ర ఇందుకు పనికివస్తుంది. 1876-78 కరువులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడు మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. కూటికోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని కరువు పనులు సాగినన్నాళ్ళూ బాప్తిస్మం ఆపాడు. ఆ తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది, అత్యధికులు మాదిగలు, బాప్తిస్మం పొందారు. అక్కడి మాదిగల గురించి 1899లో పుస్తకం రాసిన ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ ఆయన భార్య. ఆమె తమ్ముడు వాల్టర్ రౌషెన్‌బుష్ 1907లో అమెరికాలో అచ్చువేసిన గ్రంథంలో, దేవుని రాజ్యం భూమిమీద సమాజ వ్యవస్థకు సంబంధించిన విషయమని వాదించి పెద్ద అలజడి లేపాడు. ఒంగోలు ఇంటితో ఇంత దగ్గరి బంధుత్వమున్న ఆ ఆలోచన మన ప్రసంగ పీఠాల మీద ఎక్కడా పెద్దగా వినిపించలేదు. సంఘాలు కూడా కులాల వారీగానే పెరిగాయి: ఒంగోలు బాప్టిస్టులలో మాదిగలు ఎక్కువ, గుంటూరు లూథరన్లలో మాలలు ఎక్కువ.

మతం ఆత్మకు మాత్రమే సంబంధించిందన్న ఊహ ఒక్క సంఘానిదే కాదు, ప్రభుత్వానిది కూడా. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వులోని మూడో పేరా హిందువులు కానివారిని ఆ జాబితా నుంచి తప్పించింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు మినహాయింపు ఇచ్చారు, క్రైస్తవులకు ఇవ్వలేదు. మతం మారినవాడి కులం పోయిందని ఆ పేరా అనుకున్నది. 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో హత్యకు గురైన దళితులలో క్రైస్తవులున్నారు. గొడ్డళ్ళు పట్టుకొచ్చినవాళ్ళు ఎవరి మతమూ అడగలేదు.