నెల నడుమ కనబడు మరక

బహిష్టు ముగిసి వారమో, పది దినములో గడచిన పిమ్మట ఒకనాడు వస్త్రముపై గులాబి వన్నెగనో, గోధుమ వన్నెగనో చిన్న మరక కనబడును. ఒకటి రెండు దినములలో అది మాయమగును. దానిని చూచి ఒకరు ఏదో వ్యాధియని దిగులుపడుదురు. మరియొకరు నెల ముందుగనే వచ్చినదని తలచి క్యాలెండరుపై క్రొత్త గుర్తు పెట్టుదురు. సంతానమునకై ఎదురుచూచు వేరొకరు, గర్భధారణకు తగిన దినమును తెలుపు గుర్తు ఇదియే యని విని, నెలనెలా ఈ మరక కొరకే కాచుకొనియుందురు. ఈ ముగ్గురిలో ఎవరి ఊహయు పూర్తిగా సరియైనది కాదు. అది ఏలనో తెలియవలెనన్న, ముందుగా నెలలో దేహము చేయు పనిని తెలిసికొనవలెను.

గర్భాశయమునకు ఇరుప్రక్కల రెండు అండాశయములు కలవు. ప్రతి ఋతుచక్రమునందును సాధారణముగా ఒక అండము పక్వమై వెలువడును. దీనినే అండోత్సర్గమందురు. అండము పక్వమగుచున్న దినములలో ఈస్ట్రోజెన్ అను హార్మోను హెచ్చును. దాని బలమున గర్భాశయపు లోపలి పొర దళసరియగును. అండము వెలువడు వేళకు ఈ హార్మోను కొంత తగ్గును. ఆ తగ్గుదలవలన కొందరిలో లోపలి పొర కొద్దిగా చెదరి, రెండు మూడు చుక్కల నెత్తురు కనబడును. పిమ్మట ప్రొజెస్టెరోన్ అను రెండవ హార్మోను హెచ్చి ఆ పొరను నిలుపును. అంతట మరకయు ఆగిపోవును. అయితే ఇట్టి మరక కనబడువారు కొద్దిమందియే. వారికైనను ప్రతి నెలయు కనబడదు. కనుక మరక లేనంత మాత్రమున అండము వెలువడలేదని భయపడ నక్కరలేదు.

అండము ఏనాడు వెలువడునను ప్రశ్నకు వైద్యులే చాలకాలము సరియైన ఉత్తరము చెప్పలేకపోయిరి. 19వ శతాబ్దమున పలువురు, బహిష్టు దినములకు చేరువగనే గర్భము నిలుచునని నమ్మిరి. 1920 తరువాతి దశాబ్దమున జపానులో క్యూసాకు ఒగినో, ఆస్ట్రియాలో హెర్మన్ క్నాస్ అను వైద్యులు వేరువేరుగా పరిశోధించి ఈ చిక్కును విప్పిరి. రాబోవు బహిష్టునకు సుమారు 14 దినములు ముందుగా అండము వెలువడునని వారు తేల్చిరి. అనగా లెక్క వెనుకనుండి రావలెను. 28 దినములకొకసారి బహిష్టగు స్త్రీకి అది 14వ దినము చుట్టుప్రక్కల జరుగును. 35 దినములకొకసారి అగు స్త్రీకి 21వ దినము చుట్టుప్రక్కల జరుగును. అందరికిని 14వ దినమే యనుకొనుట పెద్ద పొరపాటు. మరకను బహిష్టుగా ఎంచి, అచ్చటినుండి లెక్క మొదలుపెట్టినచో ఆ నెల లెక్క అంతయు తప్పిపోవును.

దినముల లెక్క ఒక్కటియే చాలదని చూపు ముచ్చట మన దేశముననే యున్నది. 1952 ప్రాంతమున ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో, అమెరికా వైద్యుడు అబ్రహాం స్టోన్ సూచనలపై, ఢిల్లీలోని లోడీ కాలనీయందును, మైసూరు రాష్ట్రమందలి రామనగరమునందును దంపతులకు ఈ లెక్కను నేర్పు ప్రయత్నము జరిగినది. స్త్రీలకు రంగురంగుల పూసల దండలిచ్చి, దినమునకొక పూసను జరుపుకొనుడనిరి. గర్భము నిలుచు దినములకు ఒక రంగు, నిలువని దినములకు మరియొక రంగు. ఆ ప్రయత్నము ఆశించినంతగా ఫలింపలేదు. దండలోని పూసలు ఎన్నడును క్రమము తప్పవు. దేహము మాత్రము జ్వరమునకును, దిగులునకును, ప్రయాణపు బడలికకును లోబడి క్రమము తప్పుచుండును.

కావున దేహమే చూపు గుర్తులను గమనించుట మేలు. వానిలో మొదటిది గర్భాశయ ముఖమున ఊరు జిగురు. బహిష్టు ముగిసిన కొన్ని దినములు అది తక్కువగను, చిక్కగను ఉండును. అండోత్సర్గము సమీపించుకొలది పలుచనై, కోడిగ్రుడ్డు తెల్లసొనవలె జారుచు, వ్రేళ్ల నడుమ తీగవలె సాగును. రెండవది దేహపు వేడిమి. ప్రతి ఉదయము పడకనుండి లేవకముందే థర్మామీటరుతో చూచి వ్రాసికొనినచో, అండము వెలువడిన పిమ్మట వేడిమి సుమారు అర డిగ్రీ ఫారెన్‌హీటు హెచ్చి, బహిష్టు సమీపించువరకు అట్లే నిలుచుట కనబడును. కొందరికి పొత్తికడుపున ఒక ప్రక్క సన్నని నొప్పి కలుగును. నేడు మందుల దుకాణములలో దొరకు మూత్రపరీక్ష పట్టీలు, అండము వెలువడుటకు ఒకటి, ఒకటిన్నర దినము ముందుగా హెచ్చు మరియొక హార్మోనును కనిపెట్టును.

ఇచ్చట ముఖ్యముగా గుర్తుంచుకొనవలసిన విషయమొకటి కలదు. వెలువడిన అండము ఒక దినమునకు మించి బ్రతుకదు. పురుషుని శుక్రకణములు మాత్రము స్త్రీ దేహమున ఐదు దినములవరకు బ్రతుకగలవు. 1995లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశోధన, అండోత్సర్గ దినమును, దానికి ముందటి ఐదు దినములను కలిపి ఆరు దినములే గర్భధారణకు అనువైనవని నిరూపించినది. వేడిమి హెచ్చునప్పటికి ఆ దినములు గడచిపోయియుండును. మరక కొరకు కాచుకొనినను చాలవరకు గడచిపోవచ్చును. సంతానము కోరువారు జిగురు పలుచబడిన నాటినుండి దినము విడిచి దినమైనను కలిసియుండుట మంచిది. సంతానము వద్దనుకొనువారు ఈ గుర్తులను తమకు తామే నమ్ముకొనక, వైద్యుల సలహా పొందవలెను. ప్రసవానంతరము మొదటి బహిష్టునకు ముందే అండము వెలువడవచ్చునని వారు మరువరాదు.

నెల నడుమ కనబడు ప్రతి మరకయు అండోత్సర్గపు మరకయే కాదు. నెత్తురు ఎక్కువగా పోయినను, మాటిమాటికి కనబడినను, దాంపత్యానంతరము కనబడినను, ముట్లుడిగిన పిమ్మట ఒక్క చుక్క కనబడినను వైద్యులకు చూపవలెను. గర్భము నిలిచియుండుటకు అవకాశమున్నప్పుడు తీవ్రమైన కడుపునొప్పితో నెత్తురు కనబడినచో క్షణమైనను ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

ఒక సంవత్సరము ప్రయత్నించినను, భార్యకు 35 సంవత్సరములు దాటినచో ఆరు మాసములు ప్రయత్నించినను గర్భము నిలువనప్పుడు, దంపతులిరువురును పరీక్ష చేయించుకొనవలెను. లోపము పురుషునియందును ఉండవచ్చును. అతనికి చేయు మొదటి పరీక్ష సులభమైనది. అయినను పెక్కు ఇండ్లలో కోడలినే సంవత్సరముల తరబడి గుడులకును, ఆసుపత్రులకును త్రిప్పుచుందురు. ఒక చిన్న పుస్తకమున బహిష్టు మొదలైన తేదీ, జిగురు మారిన తేదీ, మరక కనబడినచో ఆ తేదీ మూడు నాలుగు నెలలు వ్రాసి, వైద్యుల యొద్దకు పోవునాడు భార్యాభర్తలిద్దరును దానిని వెంట తీసికొనిపోవుదురు గాక.