కొత్త వరి 'కమల' వస్తోంది సరే, విత్తనం దాచుకునే హక్కు ఉంటుందా?

సన్నబియ్యం అనగానే మన ఇళ్లలో ముందుగా గుర్తొచ్చేది సాంబ మసూరి. రైతులు బీపీటీ అని పిలిచే ఈ 5204 రకం బాపట్లలో పుట్టి, 1986లో విడుదలైంది. అన్నం బాగుంటుంది, మార్కెట్‌లో ధర పలుకుతుంది. కానీ దాదాపు ఐదు నెలల పంట. పైగా ఎండాకు తెగులు వస్తే తట్టుకోలేదు.

తెగులు సంగతి హైదరాబాద్ శాస్త్రవేత్తలు ముందే చూశారు. రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ కలిసి మూడు నిరోధక జన్యువులను సంకరం ద్వారా ఇందులోకి తెచ్చాయి. ఆ మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది. ఇక మిగిలింది పంటకాలం.

2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ ఢిల్లీలో రెండు జన్యు సవరణ వరి రకాలను ప్రకటించారు. అందులో 'కమల' రాజేంద్రనగర్‌లోనే సాంబ మసూరి నుంచి తయారైంది. రెండోదానికి మూలం కూడా మన ఎంటీయూ 1010, అదే కాటన్‌దొర సన్నాలు.

ఇది బీటీ పత్తి లాంటిది కాదా అని చాలామంది అడుగుతున్నారు. పత్తిలో బ్యాక్టీరియా జన్యువును బయటి నుంచి తెచ్చి పెట్టారు. కమలలో బయటిదేమీ లేదు. వెన్నులో గింజల సంఖ్యను అదుపు చేసే సొంత జన్యువునే కాస్త కత్తిరించారు. దాంతో గింజలు పెరుగుతాయి. ఇలాంటి మొక్కలకు కేంద్రం 2022లోనే జన్యుమార్పిడి నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చేసింది. అది తొందరపాటని, భద్రతా పరీక్షలు చాలవని కొన్ని సంఘాల అభ్యంతరం.

దిగుబడి 19 శాతం ఎక్కువ, కోత 20 రోజులు ముందు అని ఐసీఏఆర్ చెబుతోంది. దిగుబడి మాట పొలంలో తేలాల్సిందే. ఆ 20 రోజుల నీళ్లు మాత్రం బోరు కింద, కాల్వ చివర సాగుచేసేవాళ్లకు చిన్న విషయం కాదు.

అసలు చిక్కు వేరే ఉంది. జన్యువును కత్తిరించే క్రిస్పర్ పద్ధతిపై కీలక పేటెంట్లు విదేశీ సంస్థలవి. మన 2001 చట్టం ప్రకారం రైతు తన పంట నుంచి విత్తనం దాచుకోవచ్చు, పక్కవాడికి ఇవ్వొచ్చు, బ్రాండ్ పేరు పెట్టకుండా అమ్ముకోవచ్చు కూడా. వరి రైతులు ఎక్కువమంది చేసేది అదే. పేటెంటుదారులతో కుదిరే ఒప్పందం ఈ హక్కును ముట్టుకోకూడదు. అందులోని షరతులేమిటో బస్తాలు ఊళ్లకు రాకముందే రైతులకు తెలియాలి.