తింటివా నాయనా?

ప్రేమను చెప్పడానికి ఏ భాష గొప్పదని అడిగితే ఎవరి భాష వారికి ముద్దు. రెండు భాషల నడుమ కాపురమున్నవారిని అడిగితే మాత్రం జవాబు వేరుగా వుంటుంది. తుమకూరు జిల్లా పావగడ తాలూకా అట్టి చోటు. అది కర్ణాటకలో వున్నా, మూడు దిక్కులా ఆంధ్రప్రదేశ్ చుట్టుకొని వున్నది. రాయచెర్లు అనే పల్లె ఆ తాలూకాలోనిదే. పేరు వింటేనే తెలుగు చెవికి పరాయిదిగా తోచదు. ఆ సీమలో కచ్చేరీ భాష కన్నడం, ఎన్నో ఇండ్లలో పొయ్యిదగ్గరి భాష తెలుగు. 1956 నవంబరు 1న భాషలను బట్టి రాష్ట్రాలు ఏర్పడినా, సరిహద్దు నేలమీద నిలిచిందే గాని నాలుకమీద నిలువలేదు.

"నిన్ను ప్రేమిస్తున్నాను" అని మన పెద్దలు బిడ్డలతో అనగా మేము వినలేదు. "అన్నం తింటివా నాయనా?" అన్నారు. కన్నడిగులు "ఊట ఆయ్తా?" అంటారు. చైనాలోనూ "భోంచేశారా?" అన్నది పాతకాలపు పలకరింపే.

మనం "నీవంటే నాకిష్టం" అంటాము. కన్నడంలో "నీనందరె ననగె ఇష్ట". మాటకు మాట సరిపోయింది. ఇంగ్లీషులో ప్రేమ ఒకరు చేసే పని. మన రెండు భాషలలో అది మనిషికి కలిగేది. జపానువారికి "ఐషితేరు" అనే పెద్దమాట వున్నా, దానిని అరుదుగానే వాడుతారు; ఇష్టమని చెప్పే "సుకి"తోనే సరిపెట్టుకుంటారు.

లెబనాను, సిరియా దేశాల తల్లులు బిడ్డను ముద్దాడుతూ, "నన్ను నీవే పూడ్చాలి" అనే అర్థం వచ్చే మాట అంటారు. వినడానికి భయం వేస్తుంది. నాకంటే ఎక్కువకాలం బతుకుమని దాని భావం. "నా ఆయుస్సు కూడా పోసుకొని బతుకు" అనే మన అవ్వల దీవెనకు అది దూరమా? గడప దాటేటప్పుడు "పోతా" అననీయక "పోయొస్తా" అనిపించడమూ ప్రేమే. కన్నడిగుల "హోగి బర్తీని" కూడా అదే.

బెంగుళూరులోనో, అమెరికాలోనో పెరిగే మనవలకు "ఐ లవ్ యూ" అనడం వచ్చు. అందులో తప్పేమీ లేదు. కాని ఊరినుంచి జేజి ఫోనుచేసి "తింటివా?" అన్నప్పుడు "ఊఁ" అని పెట్టేస్తే, ఆమె చెప్పిన మాట చేరనే లేదన్నమాట. ఆమె అడిగింది ఆకలి సంగతి మాత్రమే కాదని పిల్లలకు బడిలో చెప్పరు. ఇంట్లో మనమే చెప్పాలి. జవాబు కూడా మనమే నేర్పాలి:

"తింటి జేజీ, నువ్వు తింటివా?"