బండి ‘కాస్త ఆగమ్మా’ అంటోంది!

పొయ్యి మీద పాలు పొంగుతున్న చప్పుడు వినబడితే ఏం చేస్తాం? చేతిలో ఏ పని ఉన్నా వదిలేసి పరుగెత్తుతాం. ముందు స్టవ్ కట్టేస్తాం. ఎవరు మర్చిపోయారన్న పంచాయితీ ఆ తర్వాతే! మరి రోడ్డు మీద పోతున్న బండిలో వేడి దీపం వెలిగితే మాత్రం ‘ఏం కాదులే, ఇంకో పది మైళ్లేగా’ అనుకుంటాం. ఎందుకని?

ఈ ప్రశ్న నాకు 2022 జులైలో ఎదురైంది. అదీ ఎడారిలో!

మేం ఉండేది లాస్ ఏంజెలిస్ దగ్గర. ఆ వేసవిలో మా అత్తయ్యగారు, మావయ్యగారు వచ్చారు. లాస్‌వెగాస్ మీదుగా గ్రాండ్ క్యానియన్ చూపిద్దామనుకున్నాం. అత్తయ్యగారికి షుగరు. గంటకోసారి బాత్రూంకి వెళ్లాలి, ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉండాలి, వేళకి ఇంత అన్నం తినాలి. అందుకే కారు మానేసి మోటార్‌హోమ్ అద్దెకు తీసుకున్నాం. అంటే ఏం లేదు, లారీ ఛాసిస్ మీద చిన్న ఇల్లు కట్టినట్టుంటుంది. మంచాలు, వంటగట్టు, గ్యాసు సిలిండరు, ఫ్రిజ్, బాత్రూం... అన్నీ అందులోనే.

బేకర్ అనే ఊళ్లో ఆగి టీ తాగాం. అక్కడ 134 అడుగుల ఎత్తు థర్మామీటరు ఉంది. దగ్గర్లోని డెత్ వ్యాలీలో 1913లో నమోదైన 134 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి గుర్తుగా కట్టిందది. ఆ రోజు మాకు అందులో 110 కనబడింది. అంటే మన లెక్కలో 43 డిగ్రీలు! బేకర్ దాటగానే కొండ ఎక్కుడు మొదలవుతుంది. సుమారు వెయ్యి అడుగుల ఎత్తు నుంచి నాలుగు వేల అడుగుల దాకా, పదిహేను మైళ్లకు పైగా ఎక్కుతూనే ఉండాలి.

మావారు డ్రైవింగ్‌లో ఉన్నారు. నేను పక్క సీట్లో. సగం ఎక్కామో లేదో, డాష్‌బోర్డులో పసుపుపచ్చ దీపం వెలిగింది. పళ్లచక్రం మధ్యలో థర్మామీటరు బొమ్మ.

“ఏవండీ, ఏదో దీపం వెలిగింది. ఒకసారి పక్కకి ఆపండి” అన్నాను.

“ఈ ఎండకి అన్ని బండ్లూ అలాగే ఉంటాయి. నువ్వు కంగారు పడకు. పైకెక్కితే అదే ఆరిపోతుంది” అన్నారాయన.

వెనక సీట్లోంచి మావయ్యగారు వంగి చూశారు. ఆయన ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. శ్రీశైలం ఘాట్‌లో ఏళ్ల తరబడి బస్సు నడిపిన మనిషి. “ఒరే, ఆ దీపం సంగతి నాకు తెలీదుగానీ, బండి ఈడ్చుకుంటోందిరా. గేరు పట్టడం లేదు. అమ్మాయి చెప్పినట్టు ఆపు” అన్నారు. మావారు ఆపారు. ఆ ఒక్కమాట వినకపోతే ఏమయ్యేదో చివర్లో చెబుతాను.

ఇంతకీ ఈ వేడి ఎక్కడిది?

ఇంజను వేడెక్కడం మనందరికీ తెలుసు. ఇది ఇంజను వేడి కాదు, గేర్‌బాక్స్ వేడి. మోటార్‌హోమ్‌లలో గేర్లు ఆటోమేటిక్. క్లచ్ తొక్కే పని లేదు. ఆ పని చేసేది టార్క్ కన్వర్టర్ అనే భాగం. తిరుగుతున్న ఫ్యాను ఎదురుగా ఇంకో ఫ్యాను పెట్టారనుకోండి. మొదటి దాని గాలికి రెండోదీ తిరుగుతుంది కదూ! టార్క్ కన్వర్టర్‌లో జరిగేదీ ఇంచుమించు అదే. కాకపోతే గాలి బదులు ఆయిల్ ఉంటుంది. ఇంజను ఒక ఫ్యానుని తిప్పితే, ఆయిల్ ఒరవడికి రెండోది తిరిగి బండిని కదిలిస్తుంది.

చదునైన రోడ్డు మీద వేగం అందుకున్నాక ఈ రెండూ ఒకదానికొకటి బిగుసుకుని కలిసి తిరుగుతాయి. అప్పుడు పెద్దగా వేడి పుట్టదు. అదే బరువైన బండి ఎత్తు ఎక్కుతూ వేగం తగ్గితే ఆ బిగింపు వదిలేస్తుంది. ఒక ఫ్యాను జోరుగా, ఇంకోటి నెమ్మదిగా తిరుగుతూ మధ్యలో ఆయిల్ నలిగిపోతుంది. అరచేతులు గట్టిగా రుద్దుకుంటే కాలుతాయే... అలాగన్నమాట.

ఈ ఆయిల్ మామూలుగా 175 నుంచి 200 డిగ్రీల ఫారెన్‌హీట్ (80 నుంచి 93 డిగ్రీల సెల్సియస్) మధ్య ఉంటే క్షేమం. 200 దాటాక ప్రతి 20 డిగ్రీలకీ ఆయిల్ ఆయుష్షు సగానికి తగ్గుతుందని మెకానిక్కులు లెక్క చెబుతారు. ఆయిల్ చెడితే లోపలి క్లచ్ ప్లేట్లు జారి అరుగుతాయి. అవి అరిగాక గేర్‌బాక్స్ మొత్తం విప్పాల్సిందే. ఖర్చు వేల డాలర్లలోకి వెళుతుంది.

మొదటి అయిదు నిమిషాలు

దీపం వెలిగిందని నడిరోడ్డు మీద బ్రేకు తొక్కకండి. యాక్సిలరేటర్ మీద కాలు తేలిక చేసి, ఏసీ కట్టేసి, నాలుగు వైపులా దీపాలు మిణుకుమనేలా పెట్టి, రోడ్డు అంచుకి వెడల్పైన చోటుకి రండి. ఏసీ ఎందుకంటారా? ఏసీ వదిలే వేడిగాలి నేరుగా ఆయిల్‌ని చల్లార్చే కూలరు మీదకే పోతుంది.

ఆగాక మొదట కిందికి దిగి చూడండి. పొగ వస్తోందా? కాలిన వాసనా? బండి కింద ఎర్రటి చుక్కలు పడుతున్నాయా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇంజను వెంటనే ఆపేయాలి. అందర్నీ దింపి బండికి దూరంగా, రోడ్డుకి అవతలగా తీసుకెళ్లాలి.

అవేవీ లేకపోతే మాత్రం ఇంజను ఆపకండి. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఇంజను తిరుగుతుంటేనే ఆయిల్ కూలరులోకి పారి చల్లారుతుంది. ఆపేస్తే ఎక్కడి వేడి అక్కడే ఉండిపోతుంది. పార్కింగ్ బ్రేకు వేసి, గేరు పార్కులోగాని న్యూట్రల్‌లోగాని పెట్టి, ఇంజనుని నడవనివ్వండి. పెద్ద డీజిల్ మోటార్‌హోమ్‌లలో ఉండే అల్లిసన్ గేర్‌బాక్సులకైతే న్యూట్రల్‌లో యాక్సిలరేటర్ కొంచెం తొక్కి 1200 నుంచి 1500 ఆర్‌పీఎం మీద ఉంచమంటారు. రెండు మూడు నిమిషాల్లో వేడి దిగిరావాలి. దిగకపోతే ఇంజను ఆపేసి ఫోను చేయడమే. మీ బండి పుస్తకంలో వేరేగా రాసి ఉంటే దాన్నే పాటించండి.

ఇంజను వేడి ముల్లునీ చూడండి. అదీ పైకెక్కిందంటే తప్పు రేడియేటర్‌లోనో, దాని ఫ్యానులోనో ఉండొచ్చు. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తీయొద్దు. మరుగుతున్న నీళ్లు ముఖాన కొడతాయి. ఇంజను ముల్లు మామూలుగా ఉండి గేర్‌బాక్స్ దీపమే వెలిగితే ఆయిల్‌నీ, కూలరునీ అనుమానించాలి. పొద్దున్నే చల్లటి బండి స్టార్టు చేయగానే దీపం వెలిగిందా? అప్పుడు వేడి ఉండే అవకాశమే లేదు. సెన్సరో, వైరో చెడి ఉంటుంది. మెకానిక్ స్కానరు పెట్టి అసలు వేడెంతో చూస్తే తేలిపోతుంది. అంతేగానీ ‘మాదీ సెన్సరే అయ్యుంటుంది’ అని కొండ మధ్యలో మనమే తీర్పు చెప్పేయకూడదు!

చల్లారాక ఎక్కేదెలా?

మేం మొదటిసారి ఆగినప్పుడు పొగ లేదు, చుక్కలూ కనబడలేదు. కాసేపటికి దీపం ఆరింది. “మళ్లీ టాప్ గేరులో ఈడ్వకు. కింది గేరులో పోనీ” అన్నారు మావయ్యగారు. ఆయన నడిపింది క్లచ్ బస్సులే అయినా, ఆ మాట ఆటోమేటిక్‌కీ వర్తిస్తుంది.

ఈ బండ్లలో చాలావాటికి గేరు లీవరు చివర ‘టో హాల్’ అనే మీట ఉంటుంది. అది నొక్కితే బండి తొందరపడి పై గేర్లకి పోదు. అప్పటికీ గేర్లు పైకీ కిందికీ మారుతూనే ఉంటే చేత్తో కింది గేరుకి మార్చాలి. ఇంజను మోత పెరుగుతుంది. ముల్లు ఎర్ర గీత దగ్గరికి వెళ్లనంత వరకూ ఆ మోతకి భయపడక్కర్లేదు. ఇంజను చురుగ్గా తిరిగితే పంపూ చురుగ్గా తిరుగుతుంది, ఆయిల్ ఎక్కువగా పారుతుంది. లారీల వరసలో గంటకి 40 మైళ్లతో వెళితే పోయేదేమీ లేదు. వెనకవాళ్లు హారన్ కొడితే కొట్టుకోనివ్వండి.

రెండోసారి వెలిగితే...

అలా జాగ్రత్తగా వెళుతున్నా నాలుగు మైళ్లకే మళ్లీ దీపం! మొదటిసారి వెలిగితే కొండదీ, ఎండదీ తప్పు అనుకోవచ్చు. తేలిగ్గా నడిపినా మళ్లీ వెలిగిందంటే తప్పు బండిలోనే ఉందని అర్థం. ఇంజను మోత పెరిగినా బండి వేగం పెరగకపోతే అది ఇంకా పెద్ద హెచ్చరిక. లోపల ప్లేట్లు జారుతున్నాయన్నమాట.

హాలొరాన్ స్ప్రింగ్స్ ఎగ్జిట్ దగ్గర హైవే దిగిపోయాం. మావయ్యగారు వంగి బండి కిందికి చూశారు. తారు రోడ్డు మీద కుంకుమ నీళ్లలా ఎర్రటి చుక్కలు. “ఇంక అడుగు కదలొద్దురా” అన్నారు. వెంటనే ఇంజను ఆపేశాం. అందరం దిగి, ఎగువన పది గజాల దూరంలో గొడుగులు వేసుకుని నిలబడ్డాం. పొగా, వాసనా లేవని రూఢి చేసుకున్నాకే అత్తయ్యగారిని లోపలికి తీసుకెళ్లాం. ఇంటి భాగంలోని ఏసీ వేరే జనరేటరు మీద నడుస్తుంది. అది లేకపోతే ఆ ఎండలో ఆవిడ పరిస్థితి ఏమిటోనని ఇప్పటికీ అనిపిస్తుంది.

అద్దెకిచ్చిన వాళ్లకి ఫోను చేశాం. రెండు గంటల తర్వాత లాగుడు బండి వచ్చి మమ్మల్ని మళ్లీ బేకర్‌కి చేర్చింది. మెకానిక్ చూపించాడు - కూలరుకి వెళ్లే ఆయిల్ గొట్టం బిగింపు దగ్గర వదులైంది. వేడెక్కిన కొద్దీ కారుతోంది. ఆయిల్ తగ్గిన కొద్దీ ఇంకా వేడెక్కుతోంది. పైగా కూలరు రేకుల నిండా చచ్చిన పురుగులు, దుమ్ము. గాలి ఎక్కడినుంచి తగులుతుంది?

అంతకంటే ఒళ్లు జలదరించిన సంగతి ఇంకోటి. ఆ చుక్కలు పడుతున్న చోటికి జానెడు దూరంలోనే పొగగొట్టం! ఎర్రగా కాలే గొట్టం మీద ఆ ఆయిల్ పడితే అంటుకోవడానికి ఎంతసేపు? బండిలో గ్యాసు సిలిండరు, వెనక మంచం మీద నిద్రపోతున్న అత్తయ్యగారు... ‘పైకెక్కితే అదే ఆరిపోతుంది’ అనుకున్న దీపం అది!

బయల్దేరే ముందే ఇవి చూసుకోండి

- రాత్రి బండి ఆపినచోట పొద్దున్నే నేల చూడండి. ఎర్రటి మరక ఉంటే బయల్దేరొద్దు.

- ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కొలిచే తీరు ఇంజను ఆయిల్‌లా కాదు. డిప్‌స్టిక్ ఉన్న చాలా బండ్లలో ఆయిల్ వేడి మీద ఉండగా, ఇంజను నడుస్తుండగా, చదునైన చోట, పార్కులో పెట్టి చూడాలి. అల్లిసన్ గేరు మీటల పెట్టె ఉంటే, బండి ఆపి న్యూట్రల్‌లో ఉంచి, పై బాణం, కింది బాణం మీటలు కలిపి నొక్కితే ఆయిల్ మట్టం చూపిస్తుంది.

- ఆయిల్ ఎర్రగా, తేటగా ఉంటే మంచిది. ముదురు గోధుమరంగుకి తిరిగి మాడు వాసన వేస్తే మెకానిక్‌కి చూపించాల్సిందే. పుస్తకంలో రాసిన రకమే పోయాలి. తక్కువైనా ముప్పే, ఎక్కువైనా నురగ కట్టి వేడెక్కుతుంది.

- ముందు జాలీలోంచి టార్చి వేసి కూలరు రేకులు చూడండి. పురుగులు, దుమ్ము ఉంటే నీళ్లతో మెల్లగా కడగాలి. జోరుగా కొడితే రేకులు వంగిపోతాయి. ఇంజను వెనక ఉండే డీజిల్ బండ్లలో రేడియేటర్ లోపలివైపు జిడ్డు పట్టి మూసుకుపోతుంటుంది. అది పైనుంచి చూస్తే కనబడదు.

- బరువు తగ్గించండి. 150 లీటర్ల నీళ్ల ట్యాంకు నింపితే 150 కిలోలు పెరిగినట్టే. వాడకం నీళ్లు దిగబోయే చోట పట్టుకోవచ్చు. తాగే నీళ్లు మాత్రం ఎడారిలో ఎప్పుడూ తగ్గించొద్దు.

- కొండ దారి ఉంటే తెల్లవారుజామునే ఎక్కేయండి.

- అద్దె బండి అయితే తాళాలు పుచ్చుకునే ముందే అడగండి - ఏ దీపం వెలిగితే ఏం చేయాలి? రాత్రిపూట ఎవరికి ఫోను చేయాలి? మొహమాటపడితే నష్టం మనకే.

దీపాలు చూడటం ఎవరి పని?

మర్నాడు వేరే బండి ఇచ్చారు. గ్రాండ్ క్యానియన్ చూశాం. వెనక్కి వచ్చేటప్పుడు మావారు నా చేతికి బండి పుస్తకం ఇచ్చి, “ఆ దీపాల పేజీ ఒకసారి చదివి పెట్టుకో” అన్నారు. ‘కంగారు పడకు’ అన్న నోటితోనే!

నిజానికి నడిపేవాళ్ల కళ్లు రోడ్డు మీద ఉంటాయి. ఆగితే ఆలస్యమవుతుందన్న దిగులూ వాళ్లకే ఎక్కువ. పక్కన కూర్చున్నవాళ్లకి ఆ రెండూ ఉండవు. అందుకే దీపాలు కనిపెట్టి చూడటం పక్క సీటువాళ్ల పని అని మా ఇంట్లో ఇప్పుడొక నియమం. ‘ఆపండి’ అని ఎవరన్నా సరే, ముందు ఆపాలి. ఎందుకని ఆ తర్వాత అడగాలి.

మీకు డ్రైవింగ్ రాకపోవచ్చు. గేర్‌బాక్స్ ఎక్కడుంటుందో తెలియకపోవచ్చు. పర్లేదు. పాలు పొంగుతుంటే స్టవ్ కట్టేయడానికి స్టవ్ తయారుచేయడం తెలియక్కర్లేదు కదా!